దూలగొండి, అశ్వగంధ, సరస్వతి ఆకు పార్కిన్సన్స్‌లో మెదడు కణాలను కాపాడతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారికి 64 ఏళ్లు. కిందటేడు పార్కిన్సన్స్ అని తేల్చి సిండోపా రాశారు. ఈమధ్య ఒక యూట్యూబ్ వీడియో చూసి, దూలగొండి గింజల పొడి, అశ్వగంధ, సరస్వతి ఆకు కలిపి వాడితే మెదడు కణాలు చావకుండా ఆగుతాయని, మెల్లగా ఇంగ్లిషు మందు మానేయొచ్చని ఆయన నమ్ముతున్నారు. అది నిజమేనా, ఇవ్వొచ్చా, 35 ఏళ్ల మీరు కూడా ముందుజాగ్రత్తగా వాడొచ్చా అని అడిగారు.

నేను ఆయుర్వేద వైద్యుడిని. ద్రవ్యగుణంలో, అంటే మూలికల శాస్త్రంలో పీజీ చేశాను. హనుమకొండలో ప్రాక్టీసు. కంపవాతం, అంటే పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, ఎక్కువగా వాళ్ల పిల్లలు, ఇదే ప్రశ్నతో తరచూ వస్తుంటారు.

సూటిగా చెబుతాను. మెదడు కణాల క్షీణతను ఆపుతుందని మనుషుల్లో రుజువైన మూలిక ఏదీ లేదు. అలాంటి ఇంగ్లిషు మందు కూడా లేదు. దూలగొండి మాత్రం పార్కిన్సన్స్ మీద నిజంగా పనిచేస్తుంది. అయితే కణాలను కాపాడి కాదు. సిండోపాలో ఉన్న అసలు మందే ఆ గింజలోనూ ఉంది కాబట్టి. పనిచేసే వస్తువు కాబట్టే దాంతో జాగ్రత్తగా ఉండాలి. డాక్టరుకు చెప్పకుండా సిండోపాతో కలిపి ఇవ్వకండి. సిండోపా ఆపేసి దాని బదులు ఇవ్వడం అసలే వద్దు.

ఇక వివరంగా.

మన పాతవాళ్లకు ఈ జబ్బు తెలియనిది కాదు. తెలుగునాట పుట్టిన బసవరాజీయంలో కంపవాత లక్షణాలు చెబుతూ కాళ్లూ చేతులూ వణకడంతో పాటు నిద్ర చెడిపోవడం, మతి మందగించడం కూడా చేర్చారు. వణుకు ఒక్కటే ఈ జబ్బు కాదని ఇప్పటి న్యూరాలజిస్టులు చెప్పే మాటకు ఇది చాలా దగ్గర. కానీ వణుకు ఎందుకు వస్తుందో తెలిసింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే. మెదడు అడుగుభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి చోట, కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుంటాయి. అవి క్రమంగా చనిపోతుంటాయి. వణుకు, బిగుతు బయటపడేసరికే వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి. కాబట్టి "కణాలు చావకుండా" అని వీడియోలో చెప్పే మాట, జబ్బు బయటపడ్డ మనిషి విషయంలో మొదటినుంచే ఆలస్యమైన మాట.

డోపమిన్ లోటే కారణమని ఎలా తెలిసిందనేది నాకు చాలా ఇష్టమైన కథ. అందులో మన మూలికలు రెండున్నాయి. మొదటిది సర్పగంధ. ఉన్మాదానికి మనవాళ్లు తరతరాలుగా వాడిన వేరు అది. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అది బీపీ తగ్గిస్తుందని రాశాక పశ్చిమ దేశాల దృష్టి దానిమీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసర్పిన్ వేరుచేశారు. బీపీ తగ్గేది నిజమే. కానీ కొందరు రోగులు బిగుసుకుపోయి, నెమ్మదించి, అచ్చం పార్కిన్సన్స్ వచ్చినట్టే తయారయ్యారు. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి. తర్వాత వాటికే, ఒంట్లో డోపమిన్‌గా మారే డోపా ఇస్తే కాసేపట్లో లేచి తిరిగాయి. రిసర్పిన్ మెదడులోని డోపమిన్‌ను ఖాళీ చేస్తోందని, డోపా దాన్ని తిరిగి నింపుతోందని అలా అర్థమైంది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది.

రెండోది దూలగొండి. సంస్కృతంలో కపికచ్చువు, ఆత్మగుప్త. కాయ మీది నూగు తగిలితే దురదతో చర్మం మండిపోతుంది. మూలికల కొట్లో కౌంచ్ బీజ్ అని అడిగితే ఇచ్చేది దీని గింజే. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ గింజల నుంచి ఎల్-డోపా (లెవోడోపా అన్నా ఇదే) వేరుచేసి బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. అప్పటికి అది దేనికి పనికొస్తుందో ఎవరికీ తెలియదు. 1961లో వియన్నాలో రోగులకు ఎల్-డోపాను ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ నోటి ద్వారా డోపాను పెద్ద మోతాదులో ఇచ్చి మంచి ఫలితం చూపించాడు. ఇవాళ్టికీ పార్కిన్సన్స్‌కు ఎల్-డోపాను మించిన మందు రాలేదు. మీ నాన్నగారి సిండోపా 110లో 100 మిల్లీగ్రాముల ఎల్-డోపా, 10 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉంటాయి.

ఈ కార్బిడోపా సంగతి తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఎల్-డోపా ఒక్కదాన్నే మింగితే చాలాభాగం మెదడుకు చేరకముందే పేగుల్లో, రక్తంలో డోపమిన్‌గా మారిపోతుంది. దాంతో కడుపులో తిప్పడం, వాంతి, బీపీ పడిపోవడం. కార్బిడోపా ఆ మార్పును అడ్డుకుంటుంది కాబట్టి తక్కువ మందుతో పని జరుగుతుంది. దూలగొండి గింజలో కార్బిడోపా ఉండదు. అందుకే ఒంటరిగా వాడితే నాలుగైదు రెట్లు ఎక్కువ ఎల్-డోపా కావాలి.

దూలగొండి మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు చిన్నవే అయినా మంచివి ఉన్నాయి. 1995లో 60 మంది మీద చేసినదాంట్లో లక్షణాలు తగ్గాయి. 2004లో లండన్‌లో 8 మంది రోగులకు 30 గ్రాముల దూలగొండి పొడి ఒకసారి, మామూలు లెవోడోపా మాత్రలు ఇంకోసారి ఇచ్చి పోల్చారు. పొడి సుమారు 35 నిమిషాల్లో పని మొదలుపెడితే మాత్రలకు 70 నిమిషాల దాకా పట్టింది. ప్రభావం కూడా ఎక్కువసేపు ఉంది. 2017లో బొలీవియాలో 18 మంది మీద జరిగిన పరీక్షలోనూ మాత్రకు ఏమాత్రం తీసిపోలేదు. ఈ మూడూ వీడియోల్లో చెబుతారు. 2018లో అదే బృందం రోజూ వాడించి 16 వారాలు చూడబోయింది. చేరిన 14 మందిలో ఏడుగురు మధ్యలోనే మానేశారు. నలుగురు కడుపు బాధ తట్టుకోలేక, ముగ్గురు కదలికలు మరీ దిగజారడం వల్ల. ఇది మాత్రం ఏ వీడియోలోనూ వినలేదు.

మా ఆయుర్వేద పద్ధతిలోనే చేసినది ఒకటుంది, 2000లో వచ్చింది. 18 మందికి దూలగొండి, అశ్వగంధ, బలామూలం (చిరుబెండ వేరు), పారసీక యవాని (ఖురాసానీ వాము) ఆవుపాలలో కాచి ఇచ్చారు. ముందుగా శోధన (శరీర శుద్ధి) చికిత్సలు చేయించుకున్నవారికి బాగా గుణం కనిపించింది. మోతాదును పరీక్షిస్తే ఒక్కో దాంట్లో సుమారు 200 మిల్లీగ్రాముల ఎల్-డోపా ఉంది. అంటే కషాయం అనుకున్నా, లెవోడోపా అనుకున్నా లోపలికి వెళ్లింది ఒకటే. ఇందులోని పారసీక యవాని వణుకు తగ్గిస్తుంది కానీ ముసలివాళ్లలో మతిభ్రమ, మూత్రం ఆగిపోవడం తెస్తుంది. ప్రభుత్వ నిబంధనల్లో విషద్రవ్యాల జాబితాలో ఉన్న మూలిక. ఇంట్లో కాచుకునే సరుకు కాదు.

మరి ఎల్-డోపా కణాలను కాపాడుతుందా? దీన్ని నేరుగా పరీక్షించారు. నెదర్లాండ్స్‌లో 445 మంది కొత్త రోగుల్లో సగం మందికి లెవోడోపా వెంటనే మొదలుపెట్టి, మిగతావారికి 40 వారాల తర్వాత మొదలుపెట్టారు. 80 వారాలకు రెండు గుంపుల పరిస్థితీ ఒకేలా ఉంది. 2019లో వచ్చిన ఫలితం ఇది. ముందు మొదలుపెట్టినవారికి జబ్బు నెమ్మదించలేదు, త్వరపడనూ లేదు. బావిలో ఊట తగ్గుతుంటే ట్యాంకరుతో నీళ్లు తెప్పించుకోవడం లాంటిది ఈ మందు. ఇంటికి నీళ్లు అందుతాయి, ఊట మాత్రం పెరగదు. మాత్రలో ఉన్నా గింజలో ఉన్నా ఎల్-డోపా చేసే పని అదే. "మందు ముందే వాడితే అరిగిపోతుంది" అని భయపడి సిండోపా వాయిదా వేసేవాళ్లకు కూడా ఈ పరీక్షే జవాబు.

"కానీ సార్, పరిశోధనలున్నాయి కదా" అంటారు. ఉన్నాయి, వందల్లో. దూలగొండి మీద, అశ్వగంధ మీద, సరస్వతి ఆకు మీద, పసుపు మీద. దాదాపు అన్నీ ఎలుకల్లో. ఎలుకలకు సహజంగా పార్కిన్సన్స్ రాదు కాబట్టి ఎంపీటీపీ అనే విషం ఎక్కించి తెప్పిస్తారు. చాలా ప్రయోగాల్లో మూలికను ముందుగా కొన్నాళ్లు తినిపించి, ఆ తర్వాత విషం ఇస్తారు. కణాలు తక్కువ చచ్చాయి కాబట్టి "రక్షణ" అని రాస్తారు. మీ నాన్నగారి విషయంలో వరస తలకిందులు. అక్కడ నష్టం ముందు జరిగింది, మూలిక తర్వాత వస్తోంది. పైగా ఎలుకకు కిలో బరువుకు ఇచ్చిన మోతాదును మనిషికి లెక్కేస్తే స్పూన్లతో తేలేది కాదు.

ఇది మూలికల మీద చిన్నచూపు కాదు. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన క్రియాటిన్‌ను అమెరికా, కెనడాల్లో 1,741 మంది పార్కిన్సన్స్ రోగులకు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. లాభం లేదని ఆపేశారు. కోఎంజైమ్ క్యూ10 కూడా 600 మందిలో అంతే. మతిమరుపు రాకుండా ఆపుతుందని పేరున్న జింకో బిలోబా అనే ఆకు సారాన్ని 75 ఏళ్లు దాటిన 3,069 మందికి సగటున ఆరేళ్లు ఇచ్చారు. డిమెన్షియా తగ్గలేదు. ఎలుక దాటి మనిషి దాకా వచ్చేసరికి ఇంతవరకు అన్నీ తప్పాయి.

ఇప్పుడు ప్రమాదాల సంగతి. సిండోపా వేసుకుంటూనే ఒక స్పూను దూలగొండి పొడి కలుపుకుంటే ఏమవుతుందో లెక్క చూడండి. గింజలో ఎల్-డోపా సుమారు 4 నుంచి 6 శాతం ఉంటుంది. 5 గ్రాముల పొడి అంటే 200 నుంచి 300 మిల్లీగ్రాములు. ఒంటరిగా అయితే అందులో మెదడుకు చేరేది కొద్దిగానే. కానీ సిండోపాలోని కార్బిడోపా లోపల ఉంది కదా, అది ఈ పొడిని కూడా కొంతవరకు కాపాడుతుంది. తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు గారికి ఇలాగే జరిగింది. మొదటి వారం "బ్రహ్మాండంగా ఉంది, వణుకే లేదు" అన్నారట. తర్వాత మెడ, భుజాలు వాటంతట అవే మెలికలు తిరగడం మొదలైంది. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుని పొడి ఇంకో పూట పెంచారు. చివరికి తెల్లవారుజామున బాత్రూంలో బీపీ పడిపోయి కిందపడ్డారు. పొడి ఆపి, న్యూరాలజిస్టు మోతాదు సరిచేశాక మెలికలు తగ్గాయి.

ఎల్-డోపా ఎక్కువైతే మనసు కూడా చెదురుతుంది. లేని మనుషులు కనిపించడం, అనుమానాలు. 1989లో మొజాంబిక్‌లో కరువులో దూలగొండి జాతి గింజలు తిన్న 200 మందికి పైగా జనం మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. అక్కడ మామూలుగా ఆ గింజలను పలుమార్లు ఉడికించి నీళ్లు పారబోసి తింటారు. ఆ కరువులో అంత నీరూ ఓపికా లేకపోయాయి. మన శాస్త్రంలోనూ గింజలను పాలలో ఉడికించి, పొట్టు తీసి, ఆరబెట్టి పొడి చేయమన్నారు. కొట్లో అమ్మే పొడిని అలా చేశారో లేదో డబ్బా చూసి చెప్పలేం.

రెండోవైపు, సిండోపా హఠాత్తుగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. ఒళ్లు కట్టెలా బిగిసి, జ్వరం విపరీతంగా పెరిగి, స్పృహ తప్పే స్థితి రావచ్చు. వీడియోలోని వ్యక్తి "మెల్లగా మానేయొచ్చు" అన్నాడు సరే, ఎంత మెల్లగానో, దేన్ని చూసి తగ్గించాలో చెప్పలేదు కదా.

అశ్వగంధ. దీని మీద నాకు గౌరవం ఉంది, నిద్రకు, నీరసానికి రాస్తాను. పార్కిన్సన్స్ కణాల మీద దాని ప్రభావానికి మనుషుల్లో నమ్మదగ్గ ఆధారం లేదు. మత్తు తెస్తుంది, కాబట్టి తూలి పడే మనిషికి పగటిపూట ఇవ్వను. థైరాయిడ్ మాత్రలు వాడేవారిలో థైరాయిడ్ పరీక్ష లెక్కలు మారుస్తుంది. అరుదుగా లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. 2023లో డెన్మార్క్ దీన్ని నిషేధించింది. అంత అవసరమా అనేది వేరే చర్చ, నాకైతే అతి అనిపించింది. కానీ ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం కనిపిస్తే వెంటనే ఆపేసి లివర్ పరీక్ష చేయించాలి.

సరస్వతి ఆకు పప్పులోనో పచ్చడిగానో తినండి, ఏ అభ్యంతరమూ లేదు. మందు అనుకోకండి.

అసలు నాకు భయం కలిగించేవి ఈ మూడు కాదు. "నరాల బలానికి" అని పేరు లేని పొట్లాల్లో ఇచ్చేవి, సొంతంగా కొని వాడే రసౌషధాలు. స్మృతిసాగర రసం, బృహత్ వాత చింతామణి రసం లాంటివాటిలో పాదరసం కలిసిన ద్రవ్యాలుంటాయి. శాస్త్రప్రకారం చేసి, కొద్దిరోజులు, వైద్యుడి కళ్లముందు వాడాల్సినవి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో దొరికే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ మోతాదు మించి ఉన్నాయి. సీసం, పాదరసం రెండూ నరాలకు విషమే. మెదడు కణాలను కాపాడుకోవడానికి పోయి వాటిని కొనుక్కోవడం ఎందుకు?

నాన్నగారు వినరు, దూలగొండి వాడే తీరతారు అంటే కనీసం ఇవి చూడండి.

న్యూరాలజిస్టుకు ముందే చెప్పండి. తిడతారని దాచకండి. చాలామంది తిట్టరు, సిండోపా తగ్గించి చూద్దామంటారు. ఒక టీచరమ్మకు న్యూరాలజిస్టూ నేనూ మాట్లాడుకుని జబ్బు తొలిదశలో కొన్నాళ్లు దూలగొండితోనే నడిపాం. వాంతులు ఎక్కువై ఆవిడే మాత్రకు మారిపోయింది. రసాజిలిన్, సెలిజిలిన్ (ఇవీ పార్కిన్సన్స్ మాత్రలే) వాడుతున్నా, కంటిలో నీటికాసులు ఉన్నా, ఇదివరకు మానసిక సమస్య ఉన్నా వద్దు.

విడి పొడి కాకుండా ఎల్-డోపా శాతం లేబుల్ మీద రాసిన ఒకే మూలిక మందు కొనండి. పదిరకాలు కలిపినది కొంటే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూస్తుండండి. బి-కాంప్లెక్స్ మాత్రల్లోని బి6, కార్బిడోపా లేని ఎల్-డోపాను దారిలోనే ఖర్చుచేసేస్తుంది. దూలగొండి ఒక్కటే వాడేవాళ్లు "పనిచేయడం లేదు" అనడానికి ఇదీ ఒక కారణం. పప్పు, గుడ్డు, మాంసంతో కలిపి తీసుకుంటే మాత్రకైనా పొడికైనా ప్రభావం తగ్గుతుంది. భోజనానికి అరగంట ముందు మేలు. ఐరన్ మాత్రకు వేరే పూట పెట్టండి.

ఇంకోటి, మీరు అడగకపోయినా. నాన్నగారు వాడే పాత మందులన్నీ ఒకసారి చూడండి. తలతిరుగుడుకు ఏళ్ల తరబడి వాడే సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్, స్టెమెటిల్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా వణుకు, బిగుతు తెస్తాయి. బీపీకి సర్పగంధ ఉన్న ఆయుర్వేద మాత్ర అయితే కుందేళ్ల కథే. ఇలా వచ్చిన వణుకు చాలామందిలో మందు ఆపాక కొన్ని నెలల్లో తగ్గుతుంది. మా దగ్గరికి మూలికల కోసం వచ్చి, తలతిరుగుడు మాత్ర డాక్టరుతో ఆపించుకుని బాగుపడి వెళ్లినవాళ్లున్నారు.

ఆయుర్వేదం నిజంగా ఆసరా ఇచ్చేది ఎక్కడంటే బిగుసుకున్న కండరాలకు గోరువెచ్చని నూనెతో అభ్యంగనం, నిద్ర, ముఖ్యంగా మలబద్ధకం. పార్కిన్సన్స్‌లో కడుపు కదలకపోతే వేసుకున్న సిండోపా కూడా సరిగా ఎక్కదు. రాత్రి త్రిఫల లేదా ఇసబ్గోల్, తగినన్ని నీళ్లు. మోజు పుట్టించే విషయం కాదు గానీ దీనివల్ల తేడా ఇంట్లోవాళ్లకే కనిపిస్తుంది. దీనికి నడక కలపండి. 2018లో అమెరికాలో 128 మంది తొలిదశ రోగులతో చేసిన పరీక్షలో ట్రెడ్‌మిల్ మీద గుండె వేగం బాగా పెరిగేలా వ్యాయామం చేసినవారిలో ఆరు నెలలకు లక్షణాలు దాదాపు పెరగలేదు. మామూలుగా ఉన్నవారిలో పెరిగాయి. ఇది కూడా కణాలు కాపాడిందని రుజువు కాదు. కానీ నాన్నగారి డబ్బు, ఓపిక దేనిమీద పెట్టాలని అడిగితే పొడి కంటే ముందు ఫిజియోథెరపిస్టు పేరే చెబుతాను.

ఇక మీ సంగతి. పార్కిన్సన్స్ ఎక్కువమందిలో వంశపారంపర్యం కాదు. ముందుజాగ్రత్తకని దూలగొండి తినడమంటే అవసరం లేని ఎల్-డోపా మింగడమే, వద్దు. మీకు పత్తి, మొక్కజొన్న ఉన్నాయని రాశారు. అమెరికాలో పురుగుమందులు వాడే రైతులు, వాళ్ల జీవిత భాగస్వాముల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో పారాక్వాట్, రోటినోన్ వాడినవారిలో పార్కిన్సన్స్ వచ్చే అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. పారాక్వాట్ అంటే మన ఊళ్లలో కొట్టే గడ్డిమందుల్లో ఒకటి. దాన్ని వీలైతే మానేయండి. ఏ మందైనా కొట్టాల్సి వస్తే గ్లవ్స్, మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, గాలికి ఎదురుగా కొట్టకండి, ఆ బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకనివ్వకండి.